పరామర్శ ప్రార్థనకు వెళ్ళే మామూలు విశ్వాసులకు పని పద్ధతి ఏమిటి? (చర్చ)

పెన్నా_తీరం
అందరికీ వందనాలు. పాస్టరు గారు ఒక్కరే మూడు సంఘాలు చూసుకునే చోట, వారం మధ్యలో ఎవరైనా మంచాన పడితే వెళ్ళేది విశ్వాసులే. అలా ఎనిమిది మందితో ఒక పరామర్శ జట్టు కడుతున్నాం. ఒకరు టైలరు, ఇద్దరు అంగన్‌వాడీ, మిగతావాళ్ళు వ్యవసాయం, కూలి పని. ఎవరికీ బైబిలు కాలేజీ చదువు లేదు. "వెళ్ళి ప్రార్థన చేసి రండి" అని అందరూ అంటారు గానీ ఎంతసేపు కూర్చోవాలి, ఏం అడగాలి, ఏం అనకూడదు అనేది చెప్పేవాళ్ళు లేరు. తెలిసినవాళ్ళు వివరంగా రాయండి. వాక్యాలు వద్దు, అవి మా దగ్గర బోలెడున్నాయి :)

ఉప్పు_వెలుగు
ముందు ఒక రెండొందల పేజీల రూళ్ళ పుస్తకం కొనండి. పేజీకి అయిదు గడులు గీయండి: తేదీ, ఎవరు, ఏం అడగమన్నారు, ఎవరెవరికి తెలియొచ్చు, మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలి. అంతే.

మూడో గడిలో జబ్బు పేరు రాయకండి, వాళ్ళు అన్న మాటే రాయండి. "మీ కోసం దేవుణ్ణి ఏం అడగమంటారు?" అని నోరు తెరిచి అడగాలి. గుడ్డివాడైన బర్తిమయి ఎదురుగా నిలబడి ఉంటే కూడా యేసు ప్రభువు "నేను నీకేం చేయాలని కోరుతున్నావు" అనే కదా అడిగింది. మనం మాత్రం అడక్కుండానే "కిడ్నీలు బాగుచేయి ప్రభువా" అని మొదలెడతాం. ఆ మనిషికి కిడ్నీల కంటే, అలిగి వెళ్ళిపోయిన కొడుకు ఒక్కసారి రావాలని ఉండొచ్చు. వడ్డీ వాడు ఇంటికి వస్తాడనే భయం ఉండొచ్చు. అడిగితేనే తెలుస్తుంది.

నాలుగో గడి చాలా ముఖ్యం. జట్టుకు మాత్రమేనా, ఆదివారం ఆరాధనలో చెప్పొచ్చా, వాట్సాప్ గ్రూపులో పెట్టొచ్చా అని మూడు ముక్కలుగా అడగండి. జవాబు రాకపోతే జట్టుకు మాత్రమే అని రాసుకోండి. సంఘాల్లో మనసులు విరిగేది ఎక్కువగా ఇక్కడే. "ఫలానా వారి అమ్మాయికి గర్భం నిలవలేదు, ప్రార్థించండి" అని పొద్దున పెడితే సాయంత్రానికి ఊరంతా పరామర్శే. గ్రూపులో పెట్టాల్సి వస్తే పేరు లేకుండా "ఒక సహోదరి ఆరోగ్యం కోసం" అంటే చాలు, దేవుడికి అడ్రసు తెలుసు. స్కానింగ్ రిపోర్టు ఫొటో, వార్డు నంబరు, మంచం మీద మనిషి ఫొటో అసలొద్దు. హెచ్ఐవీ విషయంలో ఇంకా జాగ్రత్త. 2017 నాటి చట్టం ప్రకారం ఆ మనిషి ఒప్పుకోకుండా వాళ్ళ స్థితి బయటపెట్టకూడదు, "ప్రార్థన కోసమే చెప్పాను" అన్నా సరే.

వార్డు_సిస్టర్
నర్సింగు వైపు నుంచి చెప్పేవి.

ఇద్దరే వెళ్ళండి. ఆడవాళ్ళ వార్డుకు ఇద్దరు ఆడవాళ్ళు. ఎనిమిది మందీ కలిసి వస్తే సెక్యూరిటీ వాళ్ళు గేటు దగ్గరే ఆపుతారు, ఆపకపోతే ఇంకా ప్రమాదం. ఐసీయూలో ఒక్కరు, అదీ అడిగాక. దగ్గు, జలుబు, జ్వరం ఉన్నవాళ్ళు ఆ వారం మానేయాలి. కీమో తీసుకుంటున్న మనిషికి తెల్లరక్తకణాలు పడిపోయి ఉంటాయి, మీకు చిన్న రొంప అయినది వాళ్ళకు న్యుమోనియా అవుతుంది. లోపలికి వెళ్ళేముందు, బయటికి వచ్చాక చేతులకు శానిటైజరు రాసుకుని ఆరేదాకా రుద్దండి, ఇరవై సెకన్లు పడుతుంది.

మంచం మీద కూర్చోవద్దు. కుర్చీ లేకపోతే తల వైపు కాకుండా రోగికి మెడ తిప్పే పని లేని చోట నిలబడండి. మొత్తం పది నిమిషాలు, అందులో ప్రార్థన రెండు మూడు నిమిషాలు. ఆపరేషన్ అయిన రోజైతే అయిదు నిమిషాలకే వచ్చేయాలి. చెయ్యి పట్టుకోవాలనుకుంటే అడిగి, సెలైన్ సూది లేని చెయ్యి పట్టుకోండి. గొంతు ఎంత ఉండాలంటే పక్క మంచానికి వినపడకూడదు. పక్క మంచం మనిషికి మీ ప్రార్థన ఇష్టమో కాదో మీకు తెలియదు, పైగా అతనికి రాత్రంతా నిద్ర ఉండదు.

స్పృహ లేని మనిషి దగ్గర "ఇక కష్టమేనట" అని గుసగుసలాడొద్దు. వినికిడి మిగిలి ఉండొచ్చు. మామూలుగా పేరు పెట్టి పిలిచి, ఎవరు వచ్చారో చెప్పి, తర్వాత ప్రార్థించండి.

తినేవి తీసుకురావడం గురించి: డయాలసిస్ రోగికి కొబ్బరి బొండాం, అరటిపండ్లు, బత్తాయి రసం తేవద్దు. వాటిలో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, అది పెరిగితే గుండె లయ తప్పుతుంది. ప్రేమతో తెచ్చిన బొండామే ఐసీయూకి పంపుతుంది. ఆపరేషన్‌కు ముందు ఏమీ తినొద్దని బోర్డు పెట్టిన మనిషికి ప్రభువు బల్ల కూడా ఇవ్వకండి. ముక్క రొట్టె, గుక్క ద్రాక్షరసమే కదా అనిపిస్తుంది. మత్తు ఇచ్చాక కడుపులోది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే చిన్న విషయం కాదు. నర్సును అడిగి మర్నాడు ఇవ్వండి.

ఓరుగల్లు_బ్రదర్
మంచిగ చెప్పిన్రు సిస్టర్. ప్రార్థన మాటల గురించి నేను జర కలుపుతా.

పేరు పెట్టి మొదలువెట్టాలె. అడిగిన ఒక్క సంగతి దేవుని ముందు పెట్టాలె. చూసుకుంటున్న డాక్టర్లు, నర్సులు, పక్కన నిద్రలేకుంట కూసున్న మనిషి కోసం ఒక మాట. ఆమేన్. గంతే. రోగి పాపాల లిస్టు చదువుడు వద్దు. "ఈ కోడలికి మంచి మనసియ్యి ప్రభువా" అని కోడలి ముంగట ప్రార్థన చేసుడు అసలే వద్దు, అది ప్రార్థన కాదు, పంచాయితీ. "రేపటికల్ల లేచి నడుస్తవు, ప్రభువు నాతోని చెప్పిండు" అనుడు కూడా వద్దు. ఎల్లుండి లేవకపోతే ఆ మనిషి డాక్టరు మీద కాదు, దేవుని మీద నమ్మకం పోగొట్టుకుంటడు.

నూనె సంగతి కూడా ఎవరన్న చెప్పున్రి. మా దిక్కు చిన్న సీసలల్ల పోసి ఇంటింటికి ఇస్తున్రు.

పాత_కీర్తన
యాకోబు 5:14 ప్రకారం నూనె రాసి ప్రార్థించేది సంఘపు పెద్దలు, అదీ రోగి పిలిపిస్తే. రోగే పిలవాలి అన్నది గమనించండి. మనమే సీసా పట్టుకుని మంచాల మధ్య తిరిగే పని కాదది. మామూలు విశ్వాసికి రెండు వచనాల తర్వాత 16లో ఉంది పని: ఒకరి కోసం ఒకరు ప్రార్థించడం. దానికి నూనె అక్కర్లేదు. జట్టు నూనె జోలికి పోకుండా, రోగి అడిగితే పాస్టరు గారికో పెద్దలకో కబురు పెడితే చాలు. నుదుటి మీద ఒక్క చుక్క. తాగడానికి ఇవ్వడం, పుండు మీద పోయడం వాక్యంలో లేదు.

వార్డు_సిస్టర్
ఇంకో ముక్క. ఆక్సిజన్ మాస్కు పెట్టిన మనిషి ముఖానికి నూనె పూయకూడదు. ఆక్సిజన్ దగ్గర నూనె, జిడ్డు తొందరగా అంటుకుంటాయి. కొవ్వొత్తి, అగ్గిపుల్ల సంగతి చెప్పక్కర్లేదు. పెద్దలు రాయాల్సి వస్తే ముఖానికి దూరంగా, చేతి మీద, అదీ డ్యూటీ నర్సును అడిగాక.

అగ్ని_స్తంభం
అన్నీ జాగ్రత్తలే చెబుతున్నారు. విశ్వాసం ఎక్కడ? ఒక చేత్తో మాత్ర మింగుతూ ఇంకో చేత్తో ప్రార్థన చేస్తే అది రెండు మనసుల ప్రార్థన. స్వస్థత జరిగిందని నమ్మినవాడు మందు ఆపి చూపించాలి. స్వస్థత రాలేదంటే రోగి విశ్వాసం చాలలేదని అర్థం.

పాత_కీర్తన
బ్రదర్, గౌరవంగానే చెబుతున్నాను, బైబిల్లో అలా లేదు. హిజ్కియాకు పదిహేనేళ్ళ ఆయుష్షు ఇస్తానని దేవుడే మాట ఇచ్చాడు, అయినా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించారు (2 రాజులు 20). పౌలు తిమోతికి కడుపు నొప్పికి ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. త్రోఫిమును రోగిగానే మిలేతులో వదిలి వచ్చాడు, అతని విశ్వాసం చాలలేదని ఎక్కడా రాయలేదు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు.

ఇక "రోగి విశ్వాసం చాలలేదు" అనేదానికి మార్కు 2 చూడండి. పక్షవాతం మనిషిని నలుగురు మోసుకొచ్చారు, కప్పు విప్పి దించారు. ప్రభువు చూసింది "వారి" విశ్వాసం. మంచం మీదివాడు ఒక్క మాట మాట్లాడినట్టు లేదు. మోసేవాళ్ళు నమ్మితే చాలు, మోయబడేవాడి దగ్గర పరీక్ష పెట్టే పని మనది కాదు. ఆ నలుగురు చేసిన పని చూస్తే భుజం నొప్పి, కప్పు పాడుచేసినందుకు ఇంటాయన తిట్లు కూడా కనిపిస్తాయి. పరామర్శ జట్టు అంటే అదే అనుకోండి.

మందుల_చీటీ
ఫార్మసీ వైపు నుంచి. "ఆపి చూపించు" అన్న మాటకు ఏ మందు ఆపితే ఏమవుతుందో తెలుసుకోండి. చిన్న వయసులో వచ్చే టైప్ 1 షుగరుకు ఇన్సులిన్ ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే వాంతులు, ఆయాసం, తర్వాత కోమా. ఫిట్స్ మాత్ర ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ మీద ఫిట్స్ వచ్చి ఆగవు. స్టంటు వేసుకున్నవాళ్ళు రక్తం పలచబరిచే మాత్ర ఆపితే స్టంటులోనే గడ్డ కట్టి గుండెపోటు రావచ్చు. హెచ్ఐవీ మందులు ఆపితే వైరస్ మళ్ళీ పెరుగుతుంది, మందుకు లొంగని రకంగా మారొచ్చు.

టీబీ వేరు కథ. మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు. నెలన్నర, రెండు నెలలు వాడేసరికి దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, బరువు పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే "ప్రభువు ముట్టాడు" అని సాక్ష్యం చెప్పిస్తారు, మనిషి మందులు మానేస్తాడు. మిగిలిన క్రిములు మొండిగా తయారై తిరిగొస్తాయి, అప్పుడు వైద్యం ఇంకా పొడుగు, ఇంకా కష్టం. ఇంకొకటి, టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. రక్తం అనుకుని భయపడి ఆపేసేవాళ్ళున్నారు. పరామర్శకు వెళ్ళినవాళ్ళు "అది మందు రంగే" అని ఒక్క మాట చెబితే ఒక కోర్సు నిలబడుతుంది.

టీబీ రోగి కోసం సంఘం చేయగల పని ఒకటుంది. 2022 సెప్టెంబరులో మొదలైన ని-క్షయ మిత్ర పథకంలో ఒక మనిషైనా, సంస్థైనా పేరు నమోదు చేసుకుని రోగికి నెలకో ఆహారపు బుట్ట ఇవ్వొచ్చు, కనీసం ఆరు నెలలు. పెద్దవాళ్ళకు నెలకు చెప్పిన లెక్క: బియ్యం లేదా చిరుధాన్యాలు 3 కిలోలు, పప్పులు కిలోన్నర, వంటనూనె పావు కిలో, పాలపొడి లేదా వేరుశనగ గుళ్ళు ఒక కిలో. ఎవరికి ఇవ్వాలో మీరు ఎంచుకోకండి. ఒప్పుకున్న రోగుల వివరాలు పీహెచ్‌సీలో టీబీ చూసేవాళ్ళ దగ్గర ఉంటాయి, వాళ్ళ ద్వారానే వెళ్ళండి. ఇది కాక రోగి బ్యాంకు ఖాతాలో ప్రభుత్వం నెలకు 1000 రూపాయలు వేస్తుంది (2024 నవంబరు ముందు 500). ఖాతా లేకనో ఆధార్ కలవకనో ఆ డబ్బు ఆగిపోతుంటుంది. జట్టులో బ్యాంకు పని తెలిసిన కుర్రాడు ఒకడుంటే చాలు.

అగ్ని_స్తంభం
మందులు పాపమని నేను అనలేదు. కానీ ఉపవాస ప్రార్థన కూడా తప్పంటారా?

మందుల_చీటీ
తప్పని ఎవరన్నారు బ్రదర్? ఎవరు ఉపవాసం ఉండాలన్నదే ప్రశ్న. రోగి కోసం జట్టు ఉండాలి, రోగి చేత ఉండించకూడదు. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు, షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఫిట్స్ ఉన్నవాళ్ళు తినాలి. శుక్రవారం ఉపవాస కూడికలో ఎవరైనా చెమటలు పట్టి, వణికి, తిక్కగా మాట్లాడితే "ఆత్మ దిగింది" అనుకోకముందు షుగరు పడిందేమో చూడండి. మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి పట్టించి, పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూసి, తర్వాత అన్నమో రొట్టెనో పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి చేయండి.

ఫిట్స్ వచ్చిన మనిషి చేతిలో తాళాల గుత్తి, బైబిలు పెట్టడం, నోట్లో చెంచా కుక్కడం మానండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటితే 108.

బందరు_రేవు
దయ్యం విషయం కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి కదా. అందరూ పక్కనుంచి పోతున్నారు.

వార్డు_సిస్టర్
అవును. నిద్ర లేదు, ఎవరో పిలుస్తున్నట్టు వినిపిస్తోంది, తనను చంపుతారంటున్నాడు అంటే ముందు డాక్టరు చూడాలి. కాన్పు అయిన పది పదిహేను రోజుల్లో తల్లి అలా మారితే అదే రోజు తీసుకెళ్ళాలి, తల్లికీ బిడ్డకీ ప్రమాదం. ముసలివాళ్ళు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే చాలాసార్లు మూత్రంలో ఇన్ఫెక్షనో, ఒంట్లో సోడియం తగ్గడమో ఉంటుంది. ప్రార్థన చేయండి, వద్దనట్లేదు. చుట్టూ గుమిగూడి చెవిలో అరవడం, జుట్టు పట్టడం, కొట్టడం, అన్నం పెట్టకుండా ఉంచడం మాత్రం ఆ మనిషిని ఇంకా భయపెడతాయి. గొలుసుతో కట్టడం 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం పూర్తిగా నిషేధం, కట్టింది ప్రార్థన మందిరంలోనైనా సరే.

చనిపోతానంటున్న మనిషితో ఆ మాట ఎత్తడానికి భయపడకండి. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని నేరుగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా, పురుగుల మందు డబ్బా ఇంట్లోంచి తీయించి, 14416కి కలపండి. అది టెలీ మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ లైను, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. "ఆత్మహత్య చేసుకుంటే నరకమే" అని అక్కడ ప్రసంగం మొదలెట్టొద్దు.

డాలస్_విశ్వాసి
దూరంగా ఉన్నవాళ్ళం ఫోన్లో ప్రార్థిస్తే పనికొస్తుందా? ఇక్కడ రాత్రి ఎనిమిదికి అక్కడ పొద్దున ఆరున్నర (చలికాలంలో ఏడున్నర).

ఉప్పు_వెలుగు
ఆ టైముకు వార్డులో రౌండ్సు, స్నానాలు. రోగికి కాకుండా చూసుకునే మనిషికి చేయండి. భార్యో, కూతురో. వాళ్ళను ఎవరూ అడగరు. అయిదు నిమిషాలు, వీడియో కాకుండా మామూలు కాల్. ముందు వాళ్ళు తిన్నారో లేదో కనుక్కోండి.

బందరు_రేవు
ఇంకొకటి. పక్క ఇంటివాళ్ళు హిందువులో ముస్లింలో అయితే? ప్రార్థన చేస్తామని అడగొచ్చా?

పాత_కీర్తన
అడగొచ్చు, ఒక్కసారి. "మీకిష్టమైతే ప్రార్థన చేస్తాం, లేకపోయినా రేపు కారియరు తెస్తాం" అనాలి. రెండో సగం నిజంగా చేయాలి. వద్దంటే ఇంటికొచ్చి చేసుకోండి, దానికి వాళ్ళ అనుమతి అక్కర్లేదు.

ఒంగోలు చరిత్రలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. 1876-78 కరువులో అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని, కూలి ఇప్పించాడు. ఆ కాలంలో బాప్తిస్మం అడిగినవాళ్ళకు ఇవ్వకుండా ఆపేశాడు, గింజల కోసం వచ్చారని ఎవరూ అనకూడదని. కరువు తగ్గాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజున 2222 మందికి ఇచ్చారు. అంతకు ముందు, 1854లో ఆ ఊరి కొండ మీద తెల్లవారుజామున మోకరించింది మిషనరీలైన జ్యూవెట్ దంపతులు, ముగ్గురు తెలుగువాళ్ళు, మొత్తం అయిదుగురే. మీ జట్టు కన్నా ముగ్గురు తక్కువ.

కాబట్టి బియ్యం సంచిలో కరపత్రం పెట్టకండి. సువార్త చెప్పాలంటే వేరే రోజు, వాళ్ళు అడిగినప్పుడు చెప్పండి.

అగ్ని_స్తంభం
కరపత్రం విషయంలో నేను ఒప్పుకోను, అది వేరే చర్చ. మందులు ఆపించకూడదన్నది మాత్రం సరే, ఒప్పుకుంటున్నాను.

ఓరుగల్లు_బ్రదర్
సంతోషం బ్రదర్. రక్తం లిస్టు ఒకటి తయారు చేసుకోన్రి. యూత్‌ల పద్దెనిమిది నిండినోళ్ళు, 45 కిలోల పైన బరువున్నోళ్ళు, హిమోగ్లోబిన్ 12.5 ఉన్నోళ్ళు. గ్రూపు, ఆఖరుసారి ఇచ్చిన తారీఖు రాసి పెట్టాలె. మగోళ్ళకు మూడు నెలలు, ఆడోళ్ళకు నాలుగు నెలలు గ్యాపు ఉండాలె. ఉపవాసం ఉన్ననాడు రక్తం ఇయ్యొద్దు, కండ్లు తిరిగి పడ్తరు. అట్లనే పెద్ద ఆపరేషన్ అంటే అప్పు చేసే ముందు ఆసుపత్రిల ఆరోగ్యమిత్ర డెస్కు కాడికి తీస్కపోన్రి. రేషన్ కార్డు, ఆధార్ పట్టుకపోతే ఆ ఆపరేషన్ సర్కారు ఉచిత వైద్య పథకంల ఉందో లేదో అక్కడనే చెప్తరు. డబ్బు సాయం చేస్తే ఇద్దరు కలిసి ఇయ్యాలె, పుస్తకంల ఇద్దరు సంతకం పెట్టాలె. ఒక్కరే ఇస్తే రేపు మాటొస్తది.

పెన్నా_తీరం
అందరికీ చాలా వందనాలు. చావు ఇంటికి వెళ్ళినప్పుడు?

ఉప్పు_వెలుగు
మాట్లాడకపోవడమే మేలు. యోబు స్నేహితులు ఏడు రోజులు నోరెత్తకుండా కూర్చున్నంతసేపు బాగానే ఉన్నారు, నోరు తెరిచాకే పాడుచేశారు. "దేవుడికి ఆ పువ్వు కావాల్సి వచ్చింది" లాంటివి పిల్లలు పోయిన తల్లి దగ్గర అనకండి. నీళ్ళ క్యాన్లు, టీ, కుర్చీలు, వచ్చినవాళ్ళకు బస్టాండు నుంచి దారి చూపించడం, ఇవి జట్టు చూసుకోవాలి. భూస్థాపన అయ్యాక మరణం నమోదు 21 రోజుల్లో చేయించండి, దాటితే ఆలస్య రుసుము, తిరగడం. పింఛను, బీమా అన్నిటికీ ఆ కాగితమే కావాలి. ఆదరణ కూడిక అయిన మర్నాటి నుంచి ఆ ఇంటికి ఎవరూ రారు. అయిదో గడిలో ఆ తర్వాతి తేదీలు నాలుగు రాసుకోండి: పది రోజులకు, నెలకు, మొదటి క్రిస్మస్‌కు, ఏడాదికి.

పెన్నా_తీరం
పుస్తకం కొన్నాం. అయిదో గడి కాస్త వెడల్పుగా గీశాం. మొదటి ఇద్దరూ గురువారం సాయంత్రం పెద్దాసుపత్రికి వెళ్తున్నారు, నాలుగు నుంచి ఆరు దాకా చూడనిస్తారట.

వార్డు_సిస్టర్
నాలుగింటికే వెళ్ళకండి, అప్పుడు ఇంటివాళ్ళు వస్తారు. అయిదుంపావుకు వెళ్ళండి. పుస్తకం వార్డులోకి తీసుకెళ్ళొద్దు, బయటికొచ్చాక మెట్ల దగ్గర రాసుకోండి.

ఓరుగల్లు_బ్రదర్
పెన్ను దారం కట్టి పుస్తకానికే తగిలియ్యిన్రి. లేకుంటే రెండో వారంకే పోతది.